మాస్ ఎఫెక్ట్: ఆండ్రోమెడా – తరచుగా అడిగే ప్రశ్నలు

2017 మార్చిలో ఈ ఆట విడుదలైనప్పటి నుంచి నన్ను ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు. మొదట ఆఫీసులో వాళ్లు అడిగారు, తర్వాత మా పిన్ని కొడుకులు. ఇప్పుడు కేపీహెచ్‌బీలో మా పక్క ఫ్లాట్‌లో ఉండే ఇంజినీరింగ్ పిల్లలు సేల్‌లో చవగ్గా దొరికిందని కొనుక్కుని, నాలుగు గంటలు ఆడి, "అక్కా, ఇది ఎప్పుడు బాగుంటుంది?" అని తలుపు కొడుతున్నారు. అందుకే జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను.

ఈ ఆటని మొదటి నుంచి చివరిదాకా మూడుసార్లు ఆడాను. మొదటిసారి చాలా బాధపడ్డాను. ఆ బాధ దేనికో తేల్చుకుందామని మిగతా రెండుసార్లు ఆడాను. కథ బయటపడే చోట ముందే చెబుతాను.

ఇది ఎలాంటి ఆట?

సైన్స్ ఫిక్షన్ యాక్షన్ ఆర్‌పీజీ, అంటే మనమే ఒక పాత్రగా మారి కథని నడిపించే ఆట. బయోవేర్ తయారుచేసింది, ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ (ఈఏ) విడుదల చేసింది. పీసీ, ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్‌లలో వచ్చింది. తుపాకులతో, ప్రత్యేక శక్తులతో పోరాడతాం, మన జట్టువాళ్లతో మాట్లాడతాం, ఏం చెయ్యాలో, ఎవరి పక్షం వహించాలో మనమే ఎంచుకుంటాం. దీనికి ముందు 2007, 2010, 2012 సంవత్సరాల్లో మూడు మాస్ ఎఫెక్ట్ ఆటలు వచ్చాయి. ఆ మూడూ కలిపి కమాండర్ షెపర్డ్ అనే ఒక్క మనిషి కథ. మొదటి ఆటలో మనం చేసిన పని ఫలితం మూడో ఆటలో ఎదురయ్యేది. అందుకే వాటిమీద మా తరం వాళ్లకి అంత ప్రేమ.

ఆ మూడూ ఆడకుండా దీన్ని ఆడొచ్చా?

ఆడొచ్చు, కథ అర్థమవుతుంది. కానీ ఆడొద్దనే చెబుతాను. ఆ మూడిటినీ మెరుగుపరిచి 2021లో లెజెండరీ ఎడిషన్ పేరుతో ఒకే ప్యాక్‌గా ఇచ్చారు. ముందు అది కొనండి. ఆండ్రోమెడాతో మొదలుపెట్టి, మాస్ ఎఫెక్ట్ అంటే ఇంతేనేమో అనుకుని వదిలేసినవాళ్లు నాకు ఇద్దరు తెలుసు. వాళ్లు పోగొట్టుకున్నది చిన్నదేం కాదు.

కథ ఏమిటి?

మొదటి రెండు గంటల్లో తెలిసేదే చెబుతాను. 2185లో ఆండ్రోమెడా ఇనిషియేటివ్ అనే సంస్థ మన పాలపుంత నుంచి పెద్ద పెద్ద ఓడల్లో జనాన్ని పంపిస్తుంది. వీటినే ఆర్క్‌లంటారు. ఒక్కో ఓడలో సుమారు 20,000 మంది గడ్డకట్టిన నిద్రలో ఉంటారు. ప్రయాణం 634 ఏళ్లు. మెలకువ వచ్చేసరికి 2819. వాళ్ల కోసం ముందే ఎంచి పెట్టిన గ్రహాలు ఒక్కటీ బతకడానికి పనికిరావని అప్పుడు తెలుస్తుంది. స్కర్జ్ అనే నల్లటి వలలాంటిది ఆకాశమంతా అల్లుకుని ఉంటుంది. ముందుగా చేరి, తర్వాత వచ్చేవాళ్లకి నీడ ఇవ్వాల్సిన నెక్సస్ కేంద్రంలో 14 నెలలుగా ఆకలి, తిరుగుబాటు, బహిష్కరణలు.

మనం స్కాట్ రైడర్ గానీ, అతని కవల సోదరి సారా గానీ అవుతాం. తండ్రి ఆలెక్ రైడర్ పాత్‌ఫైండర్, అంటే జనం కాలు మోపడానికి చోటు వెతికే మనిషి. ఆ బాధ్యత మొదటి గంటలోనే మన భుజాన పడుతుంది.

కొత్త ఊరు, చేతిలో ఏమీ లేదు, ముందు వచ్చినవాళ్లే తన్నుకుంటున్నారు. ఇంతకంటే మంచి మొదలు ఏ ఆటకైనా ఏం కావాలి?

ఆ ముఖాల గొడవ నిజమేనా?

నిజమే. విడుదలకి అయిదు రోజుల ముందు, మార్చి 16న, ఈఏ చందాదారులకి పది గంటలు ఆడిచూసే అవకాశం ఇచ్చారు. ఆ రాత్రి నుంచే చిన్న చిన్న వీడియోలు ఊరంతా తిరిగాయి. కళ్లు గాజు గోళీల్లా ఉండేవి. చావుబతుకుల మాట చెబుతున్న మనిషి పెదవి మీద నవ్వు ఉండేది. నడకలు తేడాగా ఉండేవి. నెక్సస్‌లో అడిసన్ అనే అధికారిణి "నా ముఖం అలసిపోయింది" అనే మాట అప్పట్లో అందరి నోళ్లలో నానింది.

ఆ వారంలో జరిగిన ఒక విషయం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. గతంలో ఈఏలో పనిచేసిన ఒక అమ్మాయిని, ముఖాల యానిమేషన్ అంతా ఆమె చేతిమీదుగానే జరిగిందని తప్పుగా అనుకుని, ఇంటర్నెట్‌లో వందలమంది తిట్టారు. ఆమె ఆ యానిమేషన్‌కి నాయకత్వం వహించలేదని బయోవేర్ స్వయంగా ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది. ఆట బాగోలేదని కోపం రావడం వేరు, ఒక ఆడపిల్ల పేరు పట్టుకుని నానా మాటలు అనడం వేరు. మన పిల్లలు ఆ వీడియోలు చూసి నవ్వుతున్నప్పుడు ఈ సంగతి కూడా చెప్పండి.

ఏప్రిల్ 6న వచ్చిన 1.05 ప్యాచ్‌తో, అంటే లోపాలు సరిచేసే అప్‌డేట్‌తో, కళ్లు చాలావరకు బాగుపడ్డాయి. గ్రహం నుంచి గ్రహానికి వెళ్లేటప్పుడు ప్రతిసారీ చూపించే ప్రయాణ దృశ్యాన్ని దాటేసే వీలు కూడా అప్పుడే ఇచ్చారు. జూన్‌లో 1.08తో మన పాత్ర ముఖాన్ని ఓడలోనే మళ్లీ మార్చుకునే సదుపాయం వచ్చింది. అప్పటి వీడియోల్లో చూసినంత ఘోరంగా ఇప్పుడు మీకు కనపడదు.

అయిదేళ్లు చేసి కూడా ఇలా ఎందుకు వచ్చింది?

చాలామంది, తయారుచేసినవాళ్లకి పని రాదని తేల్చేస్తారు. అది అన్యాయం. 2017 జూన్‌లో ఒక గేమింగ్ విలేకరి అక్కడ పనిచేసినవాళ్లతో మాట్లాడి పెద్ద కథనం రాశాడు. అది చదివాక నా కోపం చాలావరకు జాలిగా మారింది.

మొదట అనుకున్నది వందల గ్రహాలు. వాటిని మనుషులు చేత్తో చెక్కడం కుదరదు కాబట్టి కంప్యూటరే లెక్కల ప్రకారం పుట్టించాలని ప్రయత్నించారు. ఆ మాట మీదే ఏళ్లు గడిచాయి. ఆ ప్రయత్నం కుదరక వందలు ముప్పై అయ్యాయి, ముప్పై ఏడయ్యాయి. ఎన్ని గ్రహాలో తేలనప్పుడు అక్కడ జరిగే కథ ఎలా రాస్తారు? కథ లేనిదే సంభాషణ లేదు. సంభాషణ రికార్డు కానిదే పెదవుల కదలిక చెయ్యలేరు. ఒకటి ఆగితే వెనకవన్నీ ఆగిపోయాయి. మధ్యలో డైరెక్టర్ మారాడు. చివరికి మనం ఆడుతున్న ఆటలో చాలాభాగం ఆఖరి 18 నెలల్లోనే తయారైంది.

ఇక ఇంజిన్ సంగతి, అంటే ఆటని కట్టడానికి వాడే సాఫ్ట్‌వేర్ సంగతి. పాత మూడు ఆటలూ అన్‌రియల్ ఇంజిన్ మీద చేశారు. దీన్ని ఫ్రాస్ట్‌బైట్ మీద చేశారు. ఫ్రాస్ట్‌బైట్ స్వీడన్‌లోని డైస్ స్టూడియో వాళ్లది, బ్యాటిల్‌ఫీల్డ్ యుద్ధాల ఆటల కోసం పుట్టింది. తుపాకి పట్టుకుని పరిగెత్తడానికి, గోడలు పేలడానికి అది అద్భుతం. కానీ ఆర్‌పీజీకి కావలసిన సామాన్ల సంచి, సంభాషణల వ్యవస్థ లాంటివి అందులో సిద్ధంగా లేవు. బయోవేర్‌వాళ్లే కట్టుకోవాల్సి వచ్చింది. పెళ్లి వంట మొదలుపెట్టాక పొయ్యి కట్టుకోవాల్సి వస్తే ఎలా ఉంటుందో అలా. ఈ ఆటలో పోరాటం ఎందుకంత బాగుందో, మాట్లాడే ముఖాలు ఎందుకంత పేలవంగా ఉన్నాయో ఆ ఒక్క విషయంతో చాలావరకు అర్థమవుతుంది.

పని మూడు ఊళ్లలో జరిగింది. ప్రధానంగా మాంట్రియల్, దానికి తోడు ఎడ్మంటన్, ఆస్టిన్.

ఈఏ వాళ్ల ఆఫీసు మన హైదరాబాద్‌లో కూడా ఉంది కదా?

ఉంది, హైటెక్ సిటీ వైపు. అది ఎక్కువగా మొబైల్ ఆటలకి పేరున్న స్టూడియో. ఈ ఆటకి నాయకత్వం కెనడాది. అక్కడ పనిచేసే మన పిల్లలు కనపడితే ఆండ్రోమెడా గురించి నిలదీయకండి.

అసలు నిరాశ ఎక్కడ? ముఖాలు బాగుపడ్డాయి అంటున్నారుగా?

మూడుసార్లు ఆడాక నాకు తేలింది ఇది. ముఖాలు ఎలా ఉన్నా నేను క్షమించేదాన్ని. కొత్త గెలాక్సీకి వెళ్లి కొత్తదేమీ చూపించకపోవడం క్షమించలేకపోయాను.

నేను 2011లో విజయనగరం నుంచి హైదరాబాద్ వచ్చాను. అమీర్‌పేటలో కోచింగ్, మైత్రీవనం వెనక సందులో హాస్టల్. మొదటి ఆదివారం కూరగాయలు కొనడానికి వెళ్లి ఆనపకాయ అడిగితే అమ్మేఆవిడ లేదంది. ఆవిడ ముందే కుప్పగా పోసి ఉంది. దాన్ని ఇక్కడ సొరకాయ అంటారని చెప్పడానికి పక్కన ఇంకొకరు రావాల్సి వచ్చింది. పటాన్‌చెరు నుంచి కోఠి వెళ్లే 218 బస్సులో కండక్టరు మాట సగం అర్థమయ్యేది కాదు. ఉర్దూ కలిసిన మాటలు, వేరే రకం ఎండ, వేరే రకం నీళ్లు, పొద్దున్నే ఇరానీ చాయ్ వాసన. అప్పటికి అదంతా ఒకే రాష్ట్రం, ఒకే భాష. ఒక రాత్రి రైలు ప్రయాణం అంతే. అయినా మొదటి ఆరు నెలలు నేను ప్రతిరోజూ ఏదో ఒకటి కొత్తగా నేర్చుకోవాల్సి వచ్చింది.

ఆండ్రోమెడా గెలాక్సీ మనకి 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. ఆటలో అక్కడ దిగితే మాట్లాడగలిగే కొత్త జాతులు రెండే. అంగారా, కెట్. మూడోది రెమ్నెంట్, అవి యంత్రాలు. మొదటి ఇద్దరికీ రెండేసి చేతులు, రెండేసి కాళ్లు, మనలాంటి తుపాకులు. అంగారాల ఊరు ఆయాలో దిగిన కాసేపటికే మాటలు అర్థమైపోతాయి, పనులు అప్పగించేస్తారు. ఎవరి మాట ఎవరికీ తెలియకపోవడం, ఒక సైగని తప్పుగా అనుకోవడం, వాళ్ల పండగ రోజున మనం తెలియక తప్పు చేయడం లాంటివి నాకు గుర్తుండిపోయేలా ఎక్కడా రాలేదు. పాత మూడు ఆటల్లో జెల్లీ చేపల్లాంటి హానార్‌లు ఉండేవారు. ముందు తమ భావం ఏమిటో చెప్పి తర్వాత మాట చెప్పే ఎల్కార్‌లు ఉండేవారు. ముసుగు తీస్తే రోగం వచ్చి పోయే క్వేరియన్లు ఉండేవారు. ఒక్కో జాతి వెనక ఒక్కో చరిత్ర ఉండేది. వాళ్లలో చాలామందిని పాలపుంతలోనే వదిలేశాం, బదులుగా దొరికింది ఇంతే.

వెంట తెచ్చుకున్న జాతుల విషయంలోనూ అదే లోటు. మనతో ఉండే పీబీ, డాక్టర్ లెక్సీ తప్ప, నెక్సస్‌లో కనపడే అసారీ జాతివాళ్లు దాదాపు అందరికీ ఒకటే ముఖం. రంగు తేడా అంతే.

గ్రహాల్లో ఎడారి ఉంది, మంచు ఉంది, అడవి ఉంది. అవన్నీ అందంగానే ఉన్నాయి. కానీ ఎడారిలో చేసే పనే మంచులోనూ చేస్తాం. మూడు స్తంభాలు తెరవాలి, భూమి కింద వాల్ట్‌లోకి దిగాలి, యంత్రం నడపాలి, పరిగెత్తి బయటపడాలి. మొదటిసారి ఈయోస్ గ్రహం మీద అది చేసి బయటికి వస్తే గాలిలో రేడియేషన్ తగ్గి ఆకాశం తేటపడుతుంది. ఆ క్షణం నాకు చాలా ఇష్టం. నాలుగోసారికి మాత్రం దారి ముందే తెలిసిపోతుంది.

విలన్ ఆర్కన్ గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. గొంతు పెద్దది, ఉద్దేశం చిన్నది.

విమర్శకుల మార్కుల సగటు చూపించే మెటాక్రిటిక్ సైట్‌లో ఇది పీసీ, ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ మూడిటిమీదా 70ల్లోనే ఆగింది. ఇదే శ్రేణిలో రెండో, మూడో ఆటలు ఎక్స్‌బాక్స్ 360 మీద 90 దాటాయి. మామూలు ఆటకి 70 అంటే పరవాలేదు. మాస్ ఎఫెక్ట్ పేరు పెట్టుకున్న ఆటకి అది దెబ్బే.

మరి బాగున్నవేమీ లేవా?

చాలా ఉన్నాయి, అందుకే మూడుసార్లు ఆడాను.

పోరాటం ఈ శ్రేణిలోనే అన్నిటికన్నా బాగుంటుంది. వీపున జెట్ ఉంటుంది. ఎగరొచ్చు, గాలిలో నిలబడి కాల్చొచ్చు, పక్కకి దూసుకెళ్లొచ్చు. పాత ఆటల్లో గోడ వెనక కూర్చుని తల ఎత్తి కాల్చేవాళ్లం. ఇక్కడ కూర్చోబుద్ధి కాదు. సింగ్యులారిటీతో నలుగురు శత్రువుల్ని గాలిలోకి లేపి, వాళ్ల మీదికి ఛార్జ్‌తో దూకితే వచ్చే పేలుడు ఎన్నిసార్లు చూసినా విసుగు రాదు. దీనికి ఒక నష్టం ఉంది. పాత ఆటల్లో ఆటని ఆపి, జట్టువాళ్లు ఏ శక్తి వాడాలో మనమే చెప్పేవాళ్లం. ఇక్కడ అది తీసేశారు. మన చేతిలో కూడా ఒక్కసారికి మూడు శక్తులే ఉంటాయి.

నోమాడ్ బండి నడపడం హాయి. మొదటి ఆటలోని మాకో బండితో కొండలెక్కలేక అవస్థ పడినవాళ్లకి ఇది వరం. బండిలో వెళ్తున్నప్పుడు జట్టువాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకునే మాటలు ఈ ఆటలోని మంచి రచనల్లో ఒకటి. తొందరపడకుండా నిదానంగా నడిపితే చాలా వినొచ్చు.

మనుషుల్లో, అంటే మనుషులు కానివాళ్లలో, నాకు డ్రాక్ అంటే ప్రాణం. ఎన్నో వందల ఏళ్ల వయసున్న క్రోగన్ జాతి ముసలాయన. మనవరాలు కేష్ మీద ఆయనకున్న ప్రేమ చూస్తే మా తాతగారు గుర్తొస్తారు. జట్టులోనే ఉన్న వెట్రా తన చెల్లెలు సిడ్‌ని అమ్మలా పెంచుతుంది. ఇక మన జట్టులోని అంగారా, జాల్. అంగారాలవి పెద్ద ఉమ్మడి కుటుంబాలు, ఒక్కో బిడ్డకి తల్లులు చాలామంది. ఏడుపొస్తే నలుగురి ముందే ఏడుస్తారు, కోపం వస్తే దాచుకోరు. జాల్ హావార్ల్ గ్రహంలో తన ఇంటికి మనల్ని తీసుకెళ్లినప్పుడు, వచ్చిన అతిథిని చూడడానికి ఇల్లంతా పోగవుతుంది. మన పల్లెటూళ్లో పండక్కి ఎవరైనా స్నేహితుణ్ణి వెంటబెట్టుకెళ్తే జరిగేది సరిగ్గా అదే. ఆ కాసేపూ నేను ఎదురుచూసిన ఆట కనపడింది. అంగారాల గురించి అలాంటి దృశ్యాలు ఇంకో పది ఉండి ఉంటే ఈ పేజీ ఇలా రాసేదాన్ని కాదు.

ఎలా ఆడితే విసుగు రాదు?

ప్రధాన కథ ఒక్కటే ఆడితే సుమారు 20 గంటలు. అన్నీ చెయ్యాలంటే 80 దాటుతుంది. రెండూ తప్పే. నేను చెప్పేది 40 గంటల దారి.

ప్రతి జట్టు సభ్యుడి విధేయత మిషన్, అంటే వాళ్ల సొంత కథ నడిచే పని, తప్పకుండా చెయ్యండి. అవి ఈ ఆటలో ఉత్తమమైన భాగాలు, ముఖ్యంగా లియమ్‌ది, డ్రాక్‌ది. మిగతా ఓడల కోసం వెతికే మిషన్లు కూడా వదలొద్దు. లాగ్‌లో "అదనపు పనులు" కింద వచ్చేవాటిని చాలావరకు పట్టించుకోకండి. గ్రహం మీద ఎక్కడో శత్రువుల స్థావరాల్లో దొరికే వస్తువుల్ని ఇన్ని తెమ్మంటాయి, మ్యాప్‌లో గుర్తు కూడా ఉండదు. ఎదురుపడితే తీసుకోండి, వెతుక్కుంటూ తిరక్కండి. ఒక్క మినహాయింపు, ఓడలో అందరూ కలిసి సినిమా చూసే రాత్రి కోసం సామాన్లు పోగుచేసే పని. అది పూర్తయ్యేసరికి చాలా ఊళ్లు తిరగాలి, కానీ ఆఖరి దృశ్యం ఆ శ్రమకి తగ్గట్టుగా ఉంటుంది.

ఈయోస్ మీద మొదటిసారి వెళ్లినప్పుడు రేడియేషన్ ఉన్న ప్రాంతాల్లోకి తొందరపడి వెళ్లకండి. వాల్ట్ పని అయ్యాక అవి వాటంతట అవే తెరుచుకుంటాయి. చాలామంది ఇక్కడే పది గంటలు పోగొట్టుకుని ఆట మానేశారు. మా పక్కింటి పిల్లలు ఆగిపోయింది కూడా అక్కడే.

రెమ్నెంట్ తాళాలు సుడోకు లాంటి పజిళ్లు. మాకు ఆదివారం పేపర్లో సుడోకు అలవాటు కాబట్టి నాకు ఇష్టమే. మీకు విసుగైతే వాటిని దాటించే డిక్రిప్షన్ కీలు ఉంటాయి, కొనిపెట్టుకోండి.

ఏ ప్రొఫైల్ తీసుకోవాలి?

ప్రొఫైల్ అంటే మన పోరాట శైలి. నేనైతే వాన్‌గార్డ్ అంటాను. ఎప్పుడైనా మార్చుకోవచ్చు కాబట్టి టెన్షన్ అక్కర్లేదు.

నా పీసీ సరిపోతుందా?

కనీసం ఐ5-3570 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 660 లాంటి 2 జీబీ గ్రాఫిక్స్ కార్డు, 55 జీబీ ఖాళీ కావాలి. హాయిగా ఆడాలంటే 16 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1060 గానీ ఆర్ఎక్స్ 480 గానీ. ఇప్పుడు సికింద్రాబాద్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్తే అంతకంటే మంచి సెకండ్ హ్యాండ్ కార్డులు దొరుకుతాయి. అక్కడే పెట్టి చూపించమని అడిగి, ఫ్యాను తిరిగే చప్పుడు విని తీసుకోండి.

హైదరాబాద్‌వాళ్లకి ఒక ముఖ్యమైన మాట. ఈ ఆటలో కొన్ని ప్రధాన మిషన్ల మధ్యలో మనంతట మనం సేవ్ చేసుకోవడం కుదరదు. ఆట తనంతట తాను సేవ్ చేసినప్పుడే, అది ఎంచుకున్న చోట్లలోనే సేవ్ అవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం గాలివాన మొదలై కరెంటు పోతే ఇరవై నిమిషాల ఆట పోతుంది. నాకు రెండుసార్లు పోయింది. యూపీఎస్ లేకపోతే ఆ నెలల్లో పెద్ద మిషన్లు పొద్దున్నే పెట్టుకోండి.

తెలుగు సబ్‌టైటిల్స్ ఉన్నాయా?

లేవు, హిందీ కూడా లేదు. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ పెట్టుకుని ఆడితే అంత కష్టం కాదు. నెక్సస్ డైరెక్టర్ టాన్‌కి గొంతు ఇచ్చింది కుమైల్ నాంజియాని, డాక్టర్ లెక్సీకి నటాలీ డోర్మర్.

పిల్లల చేత ఆడించొచ్చా?

అమెరికా రేటింగ్ ప్రకారం 17 ఏళ్లు, ఆపై వయసున్నవాళ్లకి. హింస ఉంది, కొన్ని శృంగార దృశ్యాలు నేరుగానే ఉన్నాయి. ఇంట్లో హాల్లో టీవీకి పెట్టి ఆడే ఆట కాదు.

మల్టీప్లేయర్ ఎలా ఉంటుంది?

నలుగురు కలిసి శత్రువుల అలల్ని ఎదుర్కోవాలి. విడుదలైన కొత్తలో శుక్రవారం రాత్రుళ్లు మేం నలుగురం ఆఫీసు స్నేహితులం ఆడేవాళ్లం, చాలా బాగుండేది. ఇప్పుడు దానికోసమే కొనొద్దు.

క్వేరియన్ల ఓడ ఏమైంది?

ఇక్కడ ముగింపు సంగతి కొంచెం బయటపడుతుంది. వద్దనుకుంటే తర్వాతి ప్రశ్నకి వెళ్లండి.

ఆట పొడవునా ఇంకో ఓడ వెనకాల రావాల్సి ఉందని వింటూనే ఉంటాం. క్వేరియన్లు, వాళ్లతోపాటు డ్రెల్, హానార్, ఎల్కార్, వోలస్, బటేరియన్లు అందులో ఉన్నారు. అంతా అయిపోయాక ఆ ఓడ నుంచి ఒక సందేశం వస్తుంది. ఎవరూ మా దగ్గరికి రావద్దు అని. అక్కడితో ఆట ఆగిపోతుంది.

మేమంతా ఆ తర్వాతి భాగం డీఎల్‌సీగా, అంటే ఆటకి విడిగా కలిపే అదనపు కథగా, వస్తుందని ఎదురుచూశాం. పాత ఆటల్లో డీఎల్‌సీలే కొన్నిసార్లు అసలు కథకన్నా బాగుండేవి. 2017 ఆగస్టు 19న ఒంటరి ఆటకి ఇక అప్‌డేట్లు రావని బయోవేర్ ప్రకటించింది. అదే నెలలో మాంట్రియల్ స్టూడియోని ఈఏకే చెందిన మోటివ్ స్టూడియోలో కలిపేశారు. విడుదలై అయిదు నెలలు. ఆ ఓడ సంగతి తర్వాత ఒక నవలగా వచ్చింది. నవల రావడం మంచిదే. కానీ పాత్‌ఫైండర్‌గా ఆ సందేశం విన్నది నేను, వెళ్లాల్సింది నేను. మా ఓడ కాక మిగతా మూడు ఓడల కోసం అంత తిరిగినదాన్ని అయిదో ఓడని అలా చీకట్లో వదిలేయాల్సి వచ్చింది. ఈ ఆట మీద నాకున్న ఫిర్యాదులన్నిటిలో మనసుకి బాగా తగిలింది ఇదే.

సైబర్‌పంక్ 2077 బాగుపడింది కదా, ఇది ఎందుకు బాగుపడలేదు?

సైబర్‌పంక్ 2020 డిసెంబరులో ఇంతకంటే ఘోరమైన స్థితిలో వచ్చింది. సోనీ దాన్ని తన స్టోర్ నుంచి కొన్ని నెలలపాటు తీసేసింది కూడా. కానీ తయారుచేసినవాళ్లు దాన్ని వదల్లేదు. 2023 సెప్టెంబరులో 2.0 అప్‌డేట్, ఫాంటమ్ లిబర్టీ వచ్చాక అది వేరే ఆటలా అయింది. దాదాపు మూడేళ్లు పట్టింది.

ఆండ్రోమెడాకి దొరికింది అయిదు నెలలు. దాని లోపాల్లో బగ్‌లు కొన్ని, అవి పోయాయి. మిగిలినవి కొత్త జాతులు లేకపోవడం, ఒకే రకం పనులు. వాటికి ప్యాచ్ సరిపోదు, కొత్త కథ రాయాలి. దానికి డబ్బు పెట్టడం దండగని పైవాళ్లు అనుకుని ఉంటారు. నేను మాత్రం ఒక్క మంచి డీఎల్‌సీ వచ్చి ఉంటే జనం తిరిగి వచ్చేవాళ్లనే నమ్ముతాను. బయోవేర్ ఆ తర్వాత 2019లో తెచ్చిన యాంథెమ్ విషయంలో కూడా బాగుచేసే ప్రయత్నం మొదలుపెట్టి 2021లో ఆపేశారు.

ఆండ్రోమెడా గెలాక్సీని నిజంగా చూడొచ్చా?

చూడొచ్చు, టెలిస్కోప్ లేకుండానే. అక్టోబరు, నవంబరు రాత్రుళ్లలో తల పైకెత్తితే కొంచెం ఉత్తరం వైపు చిన్న మసక మరకలా ఉంటుంది. కూకట్‌పల్లి లైట్ల మధ్య కనపడదు. వికారాబాద్ దాటి అనంతగిరి కొండల వైపు, చంద్రుడు లేని రాత్రి వెళ్లండి. మా పక్కింటి పిల్లల్ని ఒకసారి తీసుకెళ్లి చూపించాను. తిరిగొచ్చాక ఆగిపోయిన ఆటని మళ్లీ మొదలుపెట్టారు.

చివరికి కొనమంటారా?

పాత మూడూ ఆడి ఉంటే, సేల్‌లో ఉంటే, కొనండి. 2020 నుంచి స్టీమ్ అనే ఆన్‌లైన్ దుకాణంలోనూ ఉంది. ఈఏ ప్లే చందా ఉంటే అందులోనే వస్తుంది, విడిగా కొనక్కర్లేదు. పూర్తి ధర పెట్టొద్దు. పాతవి ఆడకపోతే ముందు లెజెండరీ ఎడిషన్ తీసుకోండి.

తర్వాతి మాస్ ఎఫెక్ట్‌లో రైడర్ వస్తుందా? సేవ్ ఫైల్ దాచుకోవాలా?

2020 చివర్లో చూపించిన చిన్న ట్రైలర్‌లో రెండు గెలాక్సీలూ కనపడ్డాయి, పాత ఆటల్లో షెపర్డ్ జట్టులో ఉన్న లియారా కనపడింది. రైడర్ గురించి బయోవేర్ మాట ఇవ్వలేదు. పాత మూడు ఆటల్లో సేవ్ ఫైల్ ఒకదాని నుంచి ఇంకొకదానికి వెళ్లేది కాబట్టి అందరూ ఇది అడుగుతున్నారు. దాచుకోండి, పోయేదేముంది. పీసీలో అయితే డాక్యుమెంట్స్ లోపల బయోవేర్ అనే ఫోల్డర్, అందులో ఆట పేరుతో ఇంకో ఫోల్డర్, అందులో సేవ్ ఫోల్డర్ ఉంటుంది. విండోస్ మళ్లీ వేయించేటప్పుడు షాపువాళ్లు డాక్యుమెంట్స్ కూడా తుడిచేస్తారు, కాబట్టి ఇచ్చేముందే దాన్ని పెన్ డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి.